కొత్త ప్లాంట్ అడిగే ముందు ఆ రెండు గేజులు చూడండి

పోస్టు పెద్దదే. తాగే నీళ్ల గురించి కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి.

ఈ మధ్య మన గ్రూపులో "మా హాస్టల్‌కి కొత్త ఆర్వో ప్లాంట్ కావాలి" అని వరసగా పోస్టులు వస్తున్నాయి. పీవో గారికి ఇవ్వడానికి వినతిపత్రం కూడా ఒక అన్న రాసిపెట్టాడు, అందరూ సంతకాలు చెయ్యమన్నాడు. నేను ఇంకా చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదని ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి అడిగారు. అది చెప్పాలంటే ముందు నేను చేసిన ఒక పని చెప్పాలి.

పోయినేడాది ఆగస్టులో మా హాస్టల్ ప్లాంట్‌లో కాట్రిడ్జ్ పీకేసింది నేనే.

మాది పోస్ట్ మెట్రిక్ హాస్టల్. నూట ఎనభై మందిమి ఉంటాం. వంటగది పక్కన రేకుల షెడ్డులో ప్లాంట్ ఉంది. గోడకి నల్లరాయి, దానిమీద ప్రారంభించినోళ్ల పేర్లు బంగారు రంగులో. ఆ రాయి ఇప్పటికీ మెరుస్తూనే ఉంది. అందరం దాన్ని ఆర్వో ప్లాంట్ అనే అంటాం గానీ అందులో ఆర్వో లేదని నాకు ఈ మధ్యే తెలిసింది. సంపులోంచి మోటారు లాగిన నీళ్లు ముందు ఇసక ట్యాంకులోకి, అక్కడ్నుంచి బొగ్గు ట్యాంకులోకి వెళ్తాయి. తర్వాత నీలం రంగు హౌసింగ్‌లో ఉండే తెల్ల కాట్రిడ్జ్ గుండా, చివర్లో యూవీ లైటు గొట్టం గుండా కుళాయికి వస్తాయి. అంతే.

వానాకాలం మా సంపులో నీళ్లు ఎర్రగా ఉంటాయి. మూత పగిలి రెండేళ్లయింది. ఆ ఆగస్టులో కుళాయిలో నీళ్లు దారంలా రావడం మొదలైంది. పొద్దున క్లాసుకెళ్లే టైంకి బాటిళ్లు పట్టుకుని లైను మెస్ దాకా ఉండేది. పైగా ఇంటర్నల్ పరీక్షలు. నేనూ మా రూమ్మేటూ మోటారు ఆపి హౌసింగ్ తిప్పి చూశాం. లోపల తెల్లగా ఉండాల్సిన కాట్రిడ్జ్ బెల్లం రంగులో ఉంది. వేలితో నొక్కితే జిగురుగా బురద. కొత్తది స్టోర్‌లో లేదు. వార్డెన్ సార్‌ని అడిగితే ట్యాంకు మీద స్టిక్కర్‌లో ఉన్న నంబర్‌కి ఫోన్ చెయ్యమన్నారు. చేశాం. నాలుగు రోజులు చేశాం. ఎత్తలేదు. ఐదో రోజు ఆ పాత కాట్రిడ్జ్ బయట పడేసి ఖాళీ హౌసింగే మళ్లీ బిగించేశాం. నీళ్లు ధారగా వచ్చాయి. కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. ఒకడు నాకు "ఇంజినీర్" అని పేరు పెట్టాడు. నేను చదివేది బీఏ.

రెండు వారాల తర్వాత వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. మొత్తం తొమ్మిది మంది. ఇద్దరికి సెలైన్ పెట్టారు. ఫస్టియర్ తమ్ముడు ఒకడు బాగా నీరసపడిపోతే వాళ్ల నాన్న వచ్చి ఊరికి తీసుకెళ్లిపోయాడు. దసరా తర్వాత వస్తానన్నాడు. రాలేదు. వాడి పుస్తకాలు ఇంకా మా రూములో అట్టపెట్టెలో ఉన్నాయి.

నీళ్ల వల్లేనని ఎవరూ పరీక్ష చెయ్యలేదు. డాక్టర్ గారు నీళ్లు కాచుకుని తాగమన్నారు, అంతే. అందుకని నేను చేసిన పని వల్లే వాళ్లు పడ్డారని రాయలేను. కాదని రాయడానికీ నా దగ్గర ఏమీ లేదు. ఆ తర్వాత ఒక మెకానిక్ వచ్చాడు. జేబులోంచి పెన్నులాంటి టీడీఎస్ మీటర్ తీసి గ్లాసులో ముంచి "నూట ఇరవై. సూపర్ వాటర్" అని వెళ్లిపోయాడు. మేమూ నమ్మేశాం. నంబర్ కనబడితే ఎవరైనా నమ్ముతారు కదా.

ఆ మీటర్ చూపించేది నీళ్లలో కరిగిన లవణాల్ని మాత్రమే అని నాకు వేసవి సెలవుల్లో తెలిసింది. కరగని మట్టి దానికి తెలీదు, క్రిములు అసలే తెలీదు. ఎర్రటి వాననీళ్లలో ముంచినా అది మంచి నంబరే చూపించగలదు. మట్టిని కొలిచే లెక్క వేరే ఉంది, ఎన్టీయూ అంటారు. మన దేశంలో తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం అది 1 దాటకూడదు, వేరే దారి లేనప్పుడు 5 వరకు ఒప్పుకుంటారు. క్రిముల విషయంలో అలాంటి సడలింపు లేదు. 100 మిల్లీలీటర్ల నీళ్లలో ఈ-కోలి ఒక్కటి కూడా కనబడకూడదు.

వేసవిలో నేను మా బావ దగ్గరికి వెళ్లాను. బావ ఐటీఐ ఫిట్టర్. పరవాడ వైపు ఒక మందుల కంపెనీలో కాంట్రాక్ట్ మీద నీళ్ల సెక్షన్‌లో చేస్తాడు. నన్ను రెండు నెలలు హెల్పర్‌గా పెట్టించాడు. అక్కడ ఇసక ట్యాంకులు మనిషికి రెండింతల ఎత్తున ఉంటాయి. మొదటి రోజు స్పానర్ ఇస్తాడనుకున్నా. పెన్నూ అట్టా ఇచ్చాడు.

"ఏటి బావా, రాసుకోడానికా నన్ను తెచ్చావు?" అన్నాను.

"ముందు చూడ్డం నేర్చుకో. ఇప్పడం ఎవడైనా ఇప్పుతాడు" అన్నాడు. హాస్టల్లో నేను ఏం చేశానో అప్పటికి బావకి తెలీదు. అయినా నాకు గుచ్చుకుంది.

చూడాల్సింది ఏంటంటే, ప్రతి ఫిల్టర్‌కీ నీళ్లు లోపలికి వెళ్లే చోట ఒక ప్రెషర్ గేజు, బయటికి వచ్చే చోట ఒక గేజు ఉంటాయి. ఫిల్టర్ శుభ్రంగా ఉంటే రెండూ దగ్గర దగ్గరగా ఉంటాయి. లోపల 2 కేజీలు ఉంటే బయట 1.8 అలా. మట్టి పట్టేకొద్దీ బయట గేజు దిగిపోతూ ఉంటుంది, లోపలి గేజు కొంచెం పైకి పోతుంది. ఆ రెండింటి తేడాయే ఫిల్టర్ ఆరోగ్యం. బావ వాళ్ల దగ్గర తేడా 0.8 దాటితే బ్యాక్‌వాష్ చెయ్యాలని షీటు మీదే రాసుంది. ఎవరికీ ఫోన్ చెయ్యక్కర్లేదు, ఎవరి సంతకం అక్కర్లేదు. షిఫ్టులో ఉన్నవాడు చేసేస్తాడు. మూడు షిఫ్టులకి మూడు వరసలు, కింద పేరు, సంతకం.

తేడా పెరగడమే కాదు, ఉన్నట్టుండి పడిపోయినా అనుమానించాలి. నిన్నటిదాకా 0.6 ఉన్న తేడా ఈ రోజు సున్నా అయిందంటే ఫిల్టర్ తనంతట తాను బాగుపడలేదు. కాట్రిడ్జ్ చిరిగిందో, సరిగ్గా కూర్చోక పక్కనుంచి నీళ్లు జారిపోతున్నాయో, ఎవడో పీకేశాడో. మా హాస్టల్లో నేను చప్పట్లు కొట్టించుకున్న రోజు గేజు చూసుంటే అదే చెప్పేది. అసలు మా ప్లాంట్‌లో రెండు గేజుల్లో ఒకదాని ముల్లు విరిగిపోయి ఉంది, అది వేరే కథ.

బ్యాక్‌వాష్ అంటే నీళ్లని తలకిందులుగా పంపడం. మామూలుగా నీళ్లు పైనుంచి ఇసక గుండా కిందికి దిగుతాయి. ట్యాంకులో అడుగున గులకరాళ్లు, వాటిమీద ముతక ఇసక, పైన సన్న ఇసక. మట్టి ఎక్కువగా పైపొరలో ఆగుతుంది. వాల్వు మార్చి కిందినుంచి పైకి పంపితే ఇసక మొత్తం లేచి, గింజలు ఒకదానికొకటి రాసుకుని, పట్టిన మట్టి వదిలి డ్రైనేజీ పైపులోకి పోతుంది. మొదట టీ రంగులో వస్తాయి నీళ్లు. తర్వాత పలచబడతాయి. తేటగా వచ్చేవరకు వదలాలి, పదీ పదిహేను నిమిషాలు పడుతుంది. మధ్యలో ఆపేస్తే కదిలిన మట్టి మళ్లీ ఇసక మీదే కూర్చుంటుంది. ఆ తర్వాత రిన్స్ పెట్టి కొద్దిసేపు నీళ్లు పారబోసి, అప్పుడు మామూలు స్థానానికి తేవాలి. ఏళ్ల తరబడి ఇది చెయ్యకపోతే ఇసకా మట్టీ కలిసి ఉండలు కడతాయి. నీళ్లు ఆ ఉండల మధ్య దారి చేసుకుని వడకట్టకుండానే జారిపోతాయి. అప్పుడు ఇక బ్యాక్‌వాష్ పనిచెయ్యదు, ట్యాంకు ఇప్పి ఇసక మార్చాల్సిందే.

బావ నన్ను ఒక్కసారే గట్టిగా తిట్టాడు. మోటారు నడుస్తుండగా వాల్వు పిడి తిప్పబోయాను. అలా తిప్పితే లోపల గ్యాస్కెట్ చిరుగుతుంది. చిరిగితే వాల్వు ఏ స్థానంలో ఉన్నా కొన్ని నీళ్లు డ్రైనేజీలోకి కారుతూనే ఉంటాయి, కొన్నిసార్లు మురికి నీళ్లు మంచినీళ్లలో కలుస్తాయి కూడా. మీ ప్లాంట్‌లో మామూలుగా నడుస్తున్నప్పుడు కూడా డ్రైనేజీ పైపు కారుతోందంటే ముందు అనుమానించాల్సింది ఆ గ్యాస్కెట్‌నే. కుళాయి నీళ్లలో ఇసక రేణువులు పడుతున్నాయంటే ట్యాంకు అడుగున నీళ్లు తీసుకునే జల్లెడ గొట్టం విరిగినట్టు. హౌసింగ్ దగ్గర చుక్కలు కారుతున్నాయంటే చాలాసార్లు ఓ-రింగ్ నలిగిందో, దానిమీద ఇసక గింజ ఉందో. ఇంకా గట్టిగా బిగిస్తే హౌసింగ్ పగులుతుంది తప్ప కారడం ఆగదు. ఇవన్నీ పెద్ద చదువు అక్కర్లేని విషయాలే. కానీ ఎవరో ఒకరు చెప్పాలి. మాకెవరూ చెప్పలేదు.

నన్ను ఎక్కువ కుదిపిన విషయం మాత్రం వేరు. మేం అంత శ్రద్ధగా గేజులు రాసిన ఆ నీళ్లు మనుషులు తాగడానికి కాదు. కూలింగ్ టవర్‌కి, బాయిలర్‌కి. మట్టి వెళ్తే గొట్టాల్లో పేరుకుంటుంది, మెషిన్ ఆగిపోతుంది, ఉత్పత్తి ఆగిపోతుంది, ఆ నష్టం ఎంతో వెంటనే లెక్క తేలుతుంది. అందుకే రోజుకి మూడుసార్లు మనిషి వెళ్లి చూస్తాడు. మా హాస్టల్లో నూట ఎనభై మంది కడుపులోకి వెళ్లే నీళ్లని చూసినవాడు లేడు. మేం ఆగిపోతే ఎవరికీ లెక్క తేలదు. ఒక కుర్రాడు ఊరికి వెళ్లిపోతే హాజరు పట్టీలో ఒక గీత పడుతుంది, అంతే.

యూవీ గురించి కూడా అక్కడే తెలుసుకున్నాను. యూవీ వెలుతురు తగిలిన క్రిమినే అది పనికిరాకుండా చేస్తుంది. నీళ్లలో మట్టి ఉంటే ఆ రేణువుల చాటున క్రిములు దాక్కుంటాయి, వెలుతురు వాటిదాకా చేరదు. లైటు చుట్టూ ఉండే గాజు గొట్టానికి మట్టి పొర పట్టినా అంతే. అంటే కాట్రిడ్జ్ పీకితే మట్టి ఒక్కటే రాదు, వెనకున్న లైటు కూడా సగం గుడ్డిదైపోతుంది. పైకి మాత్రం నీలంగా వెలుగుతూనే ఉంటుంది. మేం ఆ నీలం వెలుతురు చూసి ధైర్యంగా తాగాం.

ఇదంతా మనకి కొత్త విద్య అనుకోకండి. మా ఊరు పాడేరు డివిజన్‌లో కొండమీద. మాకు గ్రావిటీ స్కీం ఉంది. పైన ఊట దగ్గర సిమెంటు కుండీ, అందులో రాళ్లు, ఇసక. అక్కడ్నుంచి పైపులో కిందికి దిగి ఊళ్లో కుళాయిలకి వస్తాయి. మోటారు లేదు, కరెంటు లేదు. ఆ ఇసకని ఏడాదికోసారి ఇటుకల పండగ ముందు ఊరోళ్లు ఎత్తి, గెడ్డలో కడిగి, మళ్లీ పోస్తారు. ఇంటికో మనిషి వెళ్లాలి. వెళ్లని ఇంటిని పెద్దలు అడుగుతారు. స్కీం రాకముందు మా అవ్వ వానాకాలం గెడ్డ నీళ్లు తెచ్చి, చిల్లగింజని రాతిమీద అరగదీసి కుండలో కలిపేది. తెల్లారేసరికి మట్టంతా అడుగున దిగి పైన నీళ్లు తేరుకునేవి. అడవిలో ఏరిన ఆ చిల్లగింజల్నే మనోళ్లు సంతలో జీసీసీకి అమ్ముతారు. అవ్వ నీళ్లు క్రిముల్లేని నీళ్లని నేను అనడం లేదు, ఊళ్లో విరేచనాలు ఉండేవి, పిల్లలు పోయారు కూడా. నేను చెప్పేది ఏంటంటే అక్కడ నీళ్లు చూసే బాధ్యత ఎవరిదో అందరికీ తెలుసు. హాస్టల్లో మెషిన్ ఉంది, రాయి ఉంది, ఆ ఒక్కటే లేదు.

అందుకే కొత్త ప్లాంట్ అర్జీ మీద నాకు అంత ఉత్సాహం లేదు. కొత్తది వస్తుంది, ఫొటో దిగుతారు, మొదటి వానాకాలంలోనే కాట్రిడ్జ్ బెల్లం రంగుకి తిరుగుతుంది. అప్పుడు నాలాంటి ఇంజినీర్ ఇంకొకడు పుడతాడు. నిజంగా ఆర్వో పెడితే ఇంకా త్వరగా పాడవుతుంది, ఎందుకంటే ముందున్న ఇసకా కాట్రిడ్జ్ సరిగ్గా లేకపోతే మట్టి వెళ్లి ఆ మెంబ్రేన్‌కి పడుతుంది. మెంబ్రేన్ కాట్రిడ్జ్ కంటే ఎన్నో రెట్లు ఖరీదు. పైగా మన కొండ నీళ్లలో చాలాచోట్ల లవణాలు తక్కువ, వాటికి ఆర్వో అవసరమే ఉండదు. ఫ్లోరైడ్ ఉన్న చోట్ల కావాలి, అక్కడ అడగాల్సిందే. మీ నీళ్లలో ఏముందో పరీక్ష చేయించకుండా పక్క హాస్టల్లో ఉంది కాబట్టి మాకూ కావాలి అనడం సరికాదని నా అభిప్రాయం.

అర్జీలో నేను రాయమనేది చిన్నవి. ప్రతి హాస్టల్ స్టోర్‌లో ఎప్పుడూ రెండు కొత్త కాట్రిడ్జ్‌లు ఉండాలి. మా దగ్గర వాడే సైజు ఒకటి కొంటే అయ్యేది, మా మెస్‌లో ఒక్కరోజు అందరికీ పెట్టే కోడిగుడ్ల ఖర్చు కంటే తక్కువే. పనిచేసే గేజులు రెండు. గోడకి వేలాడే ఒక పుస్తకం. బ్యాక్‌వాష్ చేసే పని జీతం తీసుకునే ఒక మనిషి పేరు మీద రాసి ఉండాలి, వాచ్‌మన్ అయినా సరే, వంట మనిషి అయినా సరే, దానికి వేరే డబ్బులిచ్చి, ఒక రోజు నేర్పించి. నెలకోసారి హెచ్‌టూఎస్ సీసాతో పరీక్ష. ఆ సీసాలో నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే, మలం కలిసిన నీళ్లయితే నల్లగా మారుతాయి. ఊళ్లలో నీళ్లు పరీక్షించే ఆడవాళ్లకి ఇది నేర్పిస్తున్నారు, మాకెందుకు నేర్పరు? నల్లబడితే శాంపిల్ ఆర్‌డబ్ల్యూఎస్ ల్యాబుకి పంపాలి. ఇక సంపు మూత. ఆ మూత లేకుండా ఎన్ని ఫిల్టర్లు పెట్టినా దండగే.

దీనికి ఒక అక్క నిన్న ఫోన్‌లో గట్టిగానే అడ్డం చెప్పింది. "ఆశ్రమ పాఠశాలలో మాతో గిన్నెలు కడిగించారు, బాత్రూములు కడిగించారు. ఇప్పుడు నువ్వు ఫిల్టర్లు కూడా కడగమంటున్నావా? చదువుకోడానికి వచ్చామా, పనిచెయ్యడానికా?" అంది. ఆ అక్క మాట తీసెయ్యలేను. నేనూ ఐదో తరగతిలో కట్టెలు మోసినోడినే. ఒకసారి పిల్లలు చేస్తారని తెలిస్తే ఆ పని ఇక ఎప్పటికీ పిల్లలదే అవుతుంది, జీతానికి మనిషిని పెట్టరు. అందుకే నేను గీత ఇక్కడ గీస్తున్నా. ఇప్పడం, కడగడం, మార్చడం జీతం తీసుకునేవాళ్ల పని. చూడ్డం మాత్రం మనది. గేజు చదివి పుస్తకంలో రాయడానికి అర నిమిషం పడుతుంది. మన కడుపులోకి వెళ్లేదాన్ని మనం చూసుకోవడం చాకిరీ కాదని నేననుకుంటున్నా. పైగా "నీళ్లు బాగోలేవు సార్" అంటే ఎవరూ వినరు. "సార్, పద్దెనిమిది రోజులుగా తేడా ఒకటి దాటింది, పుస్తకం ఇదిగో" అంటే వినక తప్పదు. ఈ జులైలో మేం చూశాం అది.

వార్డెన్ సార్ మొదట నవ్వారు. గేజు కొనడానికి బిల్లు ఏ పద్దులో పెట్టాలో తెలీదన్నారు, అది నిజమే కూడా, ఆయన్నే మొత్తం అనలేం. చివరికి బావే పాత గేజు ఒకటి తెచ్చి బిగించాడు. రూముకి ఒక రోజు చొప్పున వంతు వేసుకున్నాం, ఊళ్లో కుండీ వంతులాగే. పద్దెనిమిది రోజుల పుస్తకం ఫొటోలు తీసి గ్రీవెన్స్‌లో ఇచ్చాక నాలుగు కాట్రిడ్జ్‌లు వచ్చాయి. సంపు మూత ఇంకా రాలేదు. టార్పాలిన్ కట్టి, అంచున రాళ్లు పెట్టాం. హెచ్‌టూఎస్ సీసాలు కూడా రాలేదు, అందుకే మా నీళ్లు మంచివయ్యాయని నేను ఇప్పటికీ చెప్పను. వర్షం గట్టిగా పడ్డ రోజు కాచుకునే తాగుతున్నాం.

ఊరికెళ్లిన ఆ తమ్ముడికి రెండుసార్లు ఫోన్ చేశాను. జీడితోటల్లో పనికి వెళ్తున్నాడట. కాట్రిడ్జ్ సంగతి చెబుదామని చేసి, రెండుసార్లూ క్రికెట్ గురించి మాట్లాడి పెట్టేశాను. మూడోసారి చెప్తాను.

అర్జీలో పైన రాసినవి చేరిస్తే నా సంతకం మొదటిదే పెట్టుకోండి అన్నా. ఈలోపు మీ హాస్టల్లో ప్లాంట్ ఉంటే, రెండు గేజులూ కనబడేలా ఒక ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. గేజులే లేకపోతే లేవని రాయండి, అదీ అర్జీకి పనికొస్తుంది. మాది ఈ రోజు పొద్దున లోపల 1.9, బయట 1.5. రాసింది పన్నెండో నంబర్ రూము.